వార్మప్ అయ్యాక విప్పేసిన జెర్సీ

టొలీడో

అమ్మమ్మా,

నీకు ఫోన్‌లో వినపడదు కదా, నువ్వు నేర్పిన తెలుగులోనే రాస్తున్నాను. దెబ్బలేమీ తగల్లేదు, కంగారుపడకు.

శనివారం పెద్ద లీగ్ టీమ్ నన్ను పిలిచింది. చిన్న ఊళ్ల టీమ్‌లు మారుతూ తొమ్మిదేళ్లు ఐస్ హాకీ ఆడాక ఇదే మొదటిసారి. వాళ్ల ఆటగాడొకడికి భుజం నొప్పి, అతని బదులు నేను. వీపు మీద మన ఇంటిపేరున్న జెర్సీ వేసుకుని, మంచు మీద వార్మప్ కూడా చేశాను. లోపలికి రాగానే కోచ్ పక్కన కూర్చుని, "సారీ బడ్డీ, అతను ఆడతానంటున్నాడు" అన్నాడు. జెర్సీ విప్పేసి, సూట్ వేసుకుని, పైన జనంలో కూర్చుని ఆట చూశాను. మర్నాడే ఇక్కడికి, మా చిన్న టీమ్‌కే, తిరిగి పంపేశారు.

అమ్మ ఆంటీలందరికీ ఫోన్ చేసి టీవీ పెట్టమందట. నేను కనపడలేదని ఏడ్చిందా? నాకు చెప్పదు, నువ్వు రాయి. నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? నా గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్నావట, అక్కడే ఉంచు. నేను హాల్లో పడుకుంటాను.

ఈ సీజన్‌తో ఆట మానేస్తున్నాను. ఈ వయసులో ఇంకోసారి ఎవరూ పిలవరు. అమ్మకీ నాన్నకీ నువ్వే మెల్లగా చెప్పు. నేను వచ్చిన రోజు మాత్రం ఎవరూ ఏమీ అడగొద్దని చెప్పు.

నీ కాళ్లకు దణ్ణం.

రుత్విక్