రుక్కిని అడగని మాట

నర్మెట్ట,
మంగళవారం.

చిరంజీవి శిరీషకు బాపు దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ యాడి ఒంటికి బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బలరాం, మీ అత్తమ్మ బాగున్నారని నీ ఉత్తరంలో చదివాను. బాగున్నామన్న ఆ మాట తర్వాత నువ్వు రాసిన నాలుగు పేజీలు చదివిన దగ్గర్నుంచి నాకు కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడబుద్ధి కావడం లేదు.

ఫోన్లో మూడుసార్లు "చదివినవా బాపు?" అని అడిగావు. "ఊ" అన్నాను. నువ్వు హాస్టల్లో చదివిన రోజుల నుంచీ మనిద్దరి మాటలూ కాగితం మీదే కదా. ఎదురుగా కూర్చుంటే నాకు మోటారు సంగతి తప్ప ఇంకొకటి నోట్లోకి రాదు. మనం ఇంట్లో మాట్లాడే లంబాడీ మాటకు అక్షరాలు లేవు. నాకొచ్చిన తెలుగు అక్షరాలు, ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ నంబరు తీగ అని రాసుకోవడానికి నాకు నేను నేర్చుకున్నవి. వాటితోనే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకో.

ముందు ఇక్కడి సంగతులు. వరి పొట్ట మీద ఉంది. రోజుకు నాలుగైదు మోటార్లు కాలి, కొత్త రాగితీగ చుట్టడానికి వస్తున్నాయి. పొద్దున ఒకాయన ట్రాక్టరు మీంచి మోటారు దించి, "టీక్యా, సాయంత్రానికి గావాలె, లేకుంటే నేను గీడనే పంటా" అని దుకాణం ముందు తువ్వాల పరిచాడు. నిజంగానే పడుకున్నాడు. మీ యాడి లేపి అన్నం పెట్టింది. హోళీకి తండాకు పోయి వచ్చాం. మీ హీర్యా మామకు మనవడు పుట్టాడు కదా, ఢూండ్ చేశారు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఇక నీ ప్రశ్నలు.

"నేను పుట్టిన రోజు నీ చేతిల ఎన్ని పైసలున్నయి బాపు? నీ లెక్కల పుస్తకం చూసి నిజం రాయి" అన్నావు. చూశాను. నూట ఎనభై ఆరు రూపాయలు. రాగితీగ దుకాణంలో బాకీ అంతకు ఏడింతలు. నువ్వు పుట్టడానికి ముందు మేం ఏ లెక్కా వేయలేదు. పెళ్ళయింది, పుట్టావు. అది లెక్క వేసుకోవలసిన సంగతని తండాలో ఎవరూ అనుకోని రోజులవి.

"పైసలు లేకుండ పిల్లల్ని కనుడు తప్పా, కాదా?" అన్నది రెండో ప్రశ్న. తప్పని రాస్తే నువ్వు పుట్టడమే తప్పని రాసినట్టు. కాదని రాస్తే నీకు పద్దెనిమిది నెలలప్పుడు జరిగింది దాచినట్టు. అది నీకెవరూ చెప్పలేదు.

ఆ ఎండాకాలం నీకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. నా దగ్గర పైసల్లేవు. లింగాల ఘనపూర్ నుంచి వీరస్వామి అనే రైతు తన మోటారు చుట్టమని కొత్త రాగి కొని నా దుకాణంలో పెట్టిపోయాడు. ఆ రాగి అమ్మి దవాఖానలో కట్టాను. మళ్ళీ రాగి తెచ్చి అతని మోటారు చుట్టేసరికి తొమ్మిది రోజులు పట్టింది. రెండెకరాల వరి పొట్ట మీదే ఎండిపోయింది.

అతను దుకాణానికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"పిల్ల మంచిగైందా?" అన్నాడు.

"అయింది."

"మరి జర ముందుగాల చెప్తే ఏమాయెరా? ఇంకో మోటారు కిరాయికి తెచ్చుకుందును గద" అన్నాడు. అంతే, పోయాడు.

అందుకే నీ భయాన్ని నేను కొట్టిపారేయను. పిల్లకు జ్వరమొస్తే ఎవరి సొమ్ము ముట్టుకోవలసి వస్తుందోనని వణికే ఇంట్లో పిల్ల ఉండకూడదని రాశావు. నిజం. "పుట్టినంక పైసలు అవే అమురుతయ్" అని మీ అత్తమ్మ అంటుంది, మీ యాడి కూడా అంటుంది. నాకు ఎవరి మడో ఎండితేనే అమిరాయి.

బుధవారం.

నిన్న ఇక్కడ ఆపాను. మూడో ప్రశ్న దగ్గరికి రాగానే లేచి షట్టరు దాకా పోయాను, వచ్చాను, మళ్ళీ పోయాను.

అది ప్రశ్న కాదు, నాకు పెట్టిన పని. బ్యాంకులో పది లక్షలు కూడేదాకా పిల్లలు వద్దని నువ్వు అనుకున్నావు. బలరాంతో ఒక్కసారి అంటే నవ్వి తీసేశాడు. మళ్ళీ ఎత్తలేదు. నువ్వు పనిచేసే మందుల దుకాణం నుంచే మాత్రలు తెచ్చుకొని మూడేళ్ళుగా మింగుతున్నావు. అతనికి తెలియదు. పిల్లలు కావడం లేదని, చెల్పూర్ కరెంటు ప్లాంటులో డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా పరీక్షల కోసం తిరుగుతున్నాడు. ఇప్పుడు ఇరవై ఎనిమిదో తారీఖున హన్మకొండలో సంతానం కోసం వైద్యం చేసే దవాఖానకు పోయి, మీరు దాచిన ఆరు లక్షల్లోంచి రెండు లక్షలు కడతానంటున్నాడు. "నీ మాటంటే ఆయనకు గురి. ఇంకో రెండేండ్లు ఆగుమని నువ్వే ఒక ఉత్తరం రాయి బాపు. మాత్రల సంగతి మాత్రం రాయకు" అన్నావు.

ఆ ఉత్తరం నేను రాయను. ఎందుకు రాయనో చెప్పాలంటే పాతికేళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పాలి. పొద్దుటి నుంచి ఒకే మోటారును రెండుసార్లు తప్పు చుట్టి విప్పాను.

బిడ్డా, వీరస్వామి వచ్చిపోయిన నెలకు నేను మానుకోట పోయాను. తీగ కోసమని మీ యాడికి చెప్పాను. అక్కడ మగవాళ్ళకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే క్యాంపు పెట్టారు. చేయించుకున్నాను. "ఒక్క పిల్లనే గదనయ్యా, ఇంటామెకు ఎరికేనా?" అని నర్సమ్మ రెండుసార్లు అడిగింది. ఎరికే అన్నాను. వాళ్ళిచ్చిన పైసలు వీరస్వామికి ఇచ్చాను. ఆ రోజు పుస్తకంలో "మానుకోట, తీగ కొనుగోలు" అని ఉంటుంది. నా పుస్తకాల్లో నేను రాసిన అబద్ధం అదొక్కటే. ఇంటికొచ్చి నడుము పట్టిందన్నాను. మీ యాడి రెండు రోజులు వేడి గుడ్డతో కాపడం పెట్టింది.

చెబుదామనే అనుకున్నాను. ఈ వారం కాదు, పై వారం అనుకుంటూ పోయాను. నీకో తమ్ముడు కావాలని ఆమె మొక్కులు మొదలుపెట్టింది, ఇక నాకు నోరు రాలేదు. రామి అని తండాలో మందులిచ్చే ముసలామె ఉండేది. ఆమె ఇచ్చిన కషాయాలు మీ యాడి వాంతులు చేసుకుంటూ తాగింది. గ్లాసు అందించింది నేనే. జనగామ డాక్టరమ్మ ఆమెను చూసి, "నీల ఏం లోపం లేదు, మీ ఆయనను తోలుకరా" అంది. సీజనని చెప్పి నేను పోలేదు. నీకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి రెండు గదులు వేశాను. చేతిలో నాలుగు పైసలున్నాయి. ఇంకో బిడ్డను సాకగలనని అప్పుడు లెక్క తేలింది. తేలి ఏం లాభం?

ఇప్పుడు ఢూండ్ సంగతి. హోళీనాడు, ఆ ఏడు కొడుకు పుట్టిన ఇంటికి తండా అంతా పోయి పిల్లవాణ్ణి దీవించే పండుగ. చంటివాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న తల్లి చుట్టూ చేరి ఆడవాళ్ళు పాడతారు. నీకు తెలుసు, మీ యాడి గొంతు ఎంత బాగుంటుందో. ఏటా ముందుకు పోతుంది. ఏటా ఎవరో ఒకరు వెనక్కి పంపుతారు. మొన్న హీర్యా మామ ఇంట్లో మంగ్లీ అత్త, తన మనవణ్ణి చీర కొంగుతో కప్పి, అందరూ వినేట్టు అంది:

"ఒక్క పిల్లతోనే ఒడిసిపోయినదానివి, నువ్వు ముట్టకు రుక్కీ. పోయి పూరీలు కాల్చు పో."

నలుగురు నవ్వారు. మీ యాడి కూడా నవ్వింది. పొయ్యి దగ్గరికి పోయి పూరీలు కాల్చింది. నేను మగవాళ్ళలో కూర్చుని ఉన్నాను.

గురువారం.

నిన్న మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి మీ యాడికి చెప్పాను. ఆమెకు చెప్పకుండా ఈ ఉత్తరం డబ్బాలో వేస్తే అది కూడా ఆమె వెనక చేసిన పనే అవుతుందనిపించింది. జొన్నరొట్టెలు చేస్తోంది. మన మాటలోనే మాట్లాడుకున్నాం, తెలుగులో రాస్తున్నాను.

నేను చెప్పడం అయ్యేసరికి పెంకు మీద రొట్టె మాడింది. ఆమె తీయలేదు. నేనూ తీయలేదు.

"ఎన్నడు?" అంది.

"శిరీషకు దవాఖానల అయినంక. నెల దాటినంక."

"నడుము పట్టిందంటివి, గప్పుడా?"

"ఆ."

"రామి మందు తాగినప్పుడు గిలాస ఇచ్చింది నువ్వే గద?"

"నేనే."

"మొన్న వదిన అందరి ముంగట అన్నప్పుడు?"

"ఆడనే ఉన్న."

"ఉండి ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలే."

పొయ్యి ఆర్పింది. చేతికున్న పిండి దులుపుకుంది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"ఒక్కపారి నన్ను అడిగితే ఏం బోతుండె?" అంది. "దవాఖానల నాలుగు దినాలు సీసల చుక్కలు లెక్కవెట్టుకుంట కూసున్నది నేను. నువ్వు పైసలకు బయట తిరిగినవ్. ఇంకోటి వద్దు రుక్కీ అని నువ్వంటే, నీకంటె ముందుగాల నేనే ఒద్దంటుంటి. మొక్కులు మొక్కకపోదును. మంగ్లీ వదినకు, మేమిద్దరం ఒద్దనుకున్నం, నీకేంది నొప్పి అని మొఖం మీదనే అంటుంటి. గా మాట నాకు లేకుండ జేసినవ్."

బిడ్డా, ఆమె ఒప్పుకోదని పాతికేళ్ళు నమ్మాను. ఆ నమ్మకం మీదే నాకు నేను నచ్చజెప్పుకుంటూ బతికాను. ఆమె ఏమంటుందో ఆమెను అడగకుండా నేనే అనుకొని పెట్టుకున్నాను.

ఇంకో మాట కూడా అంది. "ఎల్లుండి తండాకు పోదాం. మా అన్న, వదిన, గా పాటలు పాడేటోళ్ళు, అందరి ముంగట నువ్వు చెప్పాలె. నీ నోటితోని చెప్పాలె. కాయితం మీద గాదు."

సీజన్ కదా అనబోయాను. నోటి దాకా వచ్చింది. మింగేశాను.

శుక్రవారం పొద్దున.

ముగ్గురు రైతులకు ఫోన్ చేసి రేపు రమ్మన్నాను. ఒకాయన తిట్టాడు. పడ్డాను. మీ యాడి స్నానం చేసి, పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుంది. రెండు రోజులుగా నాతో అన్నం, నీళ్ళు, తాళం చెవి, అంతవరకే మాట్లాడుతోంది. తండా నుంచి నాతో తిరిగి వస్తుందో, వాళ్ళ అన్న ఇంట్లోనే ఉండిపోతుందో తెలియదు. అడిగాను. "ముందు నువ్వు చెప్పు, తర్వాత చూద్దం" అంది.

నీ సంగతి. బలరాం నాకంటే మంచివాడు. పరీక్ష చేయించుకో అంటే సిగ్గుపడకుండా పోయాడు. తనలో లోపం ఉందేమోనని ఆ మనిషి ఎన్ని రోజులు మథనపడి ఉంటాడో నాకు తెలుసు, ఎందుకంటే మీ యాడి అట్లా పడుతుంటే పక్కన ఉండి చూశాను. ఇరవై ఎనిమిదికి వారం ఉంది. అతను ఆ రెండు లక్షలు కట్టకముందే చెప్పు. మాత్రల సంగతి దాచకుండా చెప్పు. కోపం చేస్తాడు. మాట్లాడడం మానేస్తాడేమో. అది నువ్వు పడాల్సిందే.

నీ పది లక్షల లెక్క కూడా అతని ముందు పెట్టు. దవాఖాన ఖర్చు, బడి ఖర్చు, ప్లాంటులో అతని కాంట్రాక్టు పని ఆగిపోతే ఎన్ని నెలలు నడుస్తుంది, అన్నీ నాకు రాసినట్టే అతనికి చెప్పు. వీరస్వామి మడి సంగతి నా పేరు పెట్టి చెప్పు, నాకేం నామోషీ లేదు. తర్వాత అతను ఏమంటాడో విను. పది అంటాడో, ఐదు చాలంటాడో, ఇప్పుడే కావాలంటాడో. పిల్లలు ఎప్పుడు, అసలు కావాలా వద్దా, అది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవలసింది. మీ అత్తమ్మ ఎత్తిపొడిస్తే నాకు కబురు పెట్టు. నేనొచ్చి మాట్లాడతాను. అవును, నేనే మాట్లాడతాను.

అతను ఒప్పుకోడని నువ్వు మూడేళ్ళ కింద ఒక్క నవ్వు చూసి అనుకున్నావు. ఆగుదామనే అంటాడేమో. నాకు తెలియదు. నీకూ తెలియదు.

జనగామ బస్సు వేళయింది. అక్కడి నుంచి తండా దిక్కు పోవడానికి మానుకోటకు ఇంకో బస్సు. మీ యాడి వాకిట్లో నిలబడి, రావా అన్నట్టు చూస్తోంది. అంతమంది ముందు మొదటి మాట ఏమనాలో ఇంకా దొరకలేదు.

ఇట్లు,
మీ యాడి వెంట తండాకు బయలుదేరుతున్న
నీ బాపు,
టీక్యా.