పెన్సిల్ గుర్తు పైకే ఉండాలి

కెల్సీ తల్లీ,

ట్రైనింగ్‌లో నీ ఫోన్ తీసేసుకున్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నీ పాము మేపుల్ గుడ్లు పెట్టింది. నువ్వు చెప్పి వెళ్లినట్టే ప్రతి గుడ్డు పైనా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తడి నాచులో సర్ది, మీ నాన్న కోడిగుడ్లు పొదిగించే పెట్టెలో ఉంచాను.

మొన్న పొద్దున చూస్తే గుర్తులన్నీ కిందికి తిరిగి ఉన్నాయి.

"నేనే తిప్పాను. తిప్పకపోతే పిల్ల పెంకుకి అంటుకుపోదూ?" అన్నారు మీ నాన్న.

"ఇవి కోడిగుడ్లా? పాముగుడ్డు తిరగేస్తే లోపలి పిల్ల చచ్చిపోతుందండీ!"

నువ్వు సైన్యంలో చేరావన్న కోపంతో నీ పేరే ఎత్తని మనిషి, మొహం పాలిపోయి కూర్చున్నారు. గుర్తులు చూసుకుంటూ అన్నిటినీ మళ్లీ సరిచేశాను.

నిన్న గది చీకటి చేసి, గుడ్ల వెనక టార్చ్ పెట్టి చూశాం. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో సన్నటి ఎర్రని నరాలు.

"బతికే ఉందే!" అన్నారాయన, గట్టిగా అంటే అది బెదురుతుందన్నట్టు. మిగతావీ బాగున్నాయి. ఆ మొదటిదాన్ని పారేస్తానంటే ఒప్పుకోవడం లేదు.

పిల్లలు బయటికొచ్చే నాటికి నీకు సెలవు దొరుకుతుందేమో కనుక్కుని రాయి. అడగమన్నది మీ నాన్నే. కోపం తగ్గలేదని కూడా రాయమన్నారు.

అమ్మ