కరాచీ వెళ్లని మౌలా అలీ

సికింద్రాబాద్,
19 నవంబరు 1951.

దేశం విడిచి వెళ్లినవారి ఆస్తుల విచారణాధికారి గారి సముఖానికి, బన్సీలాల్‌పేట్ నివాసి మౌలా అలీ కుమార్తె, పదవ తరగతి విద్యార్థిని లతీఫున్నీసా చేసుకొను విన్నపం.

విషయం: మా తండ్రి పాకిస్తాను వెళ్లలేదని, మా ఇల్లు జప్తు చేయరాదని.

అయ్యా,

1. ఈ నెల ఆరవ తేదీన మా తలుపుకు నోటీసు అంటించారు. యజమాని కరాచీ వెళ్లినందున ఇల్లు సర్కారు స్వాధీనమగునని, అభ్యంతరమున్నచో ముప్పయ్యవ తేదీలోగా తెలుపవలెనని అందులో ఉన్నది. సదరు ఇంటిలో నేను, మా అమ్మ రహమత్‌బీ, మేనత్త ఇమాంబీ ఉంటున్నాము. మాకు వేరే నీడ లేదు.

2. మా తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టేవారు. 1948 సెప్టెంబరు పన్నెండున, ఇండియా ఫౌజు మన రాజ్యంలోకి రావడానికి ముందురోజు, బీదరు దగ్గర పల్లెలో ఒంటరిగా ఉన్న మేనత్తను తీసుకురావడానికి రైలెక్కారు. తిరిగి రాలేదు. నెలాఖరున ఫౌజువారు ఇంటింటా మగవారి లెక్క అడిగారు. బీదరు వైపు పోయాడంటే రజాకారని పట్టుకుంటారని భయపడి, మా అమ్మ "కరాచీ పోయిండు" అన్నది. చనిపోయాడనడానికి ఆమెకు నోరు రాలేదు. కరాచీలో ఉన్న మనిషిని ఇక్కడెవరూ పట్టుకోలేరని తలచింది.

3. చెప్పగా చెప్పగా అమ్మకు అదే నిజమైంది. నాతో జాబులు రాయించింది. "మౌలా అలీ, అట్టలు కట్టేవారు, కరాచీ" అని చిరునామా పెట్టి, నిఘంటువులో మంచి మాటలు వెదికి, ఏడు రాశాను. ఏడూ తిరిగి వచ్చాయి. ఆయన అక్కడ లేరనడానికి ఇవే రుజువని నేనే వాటిని తమ కచేరీకి తెచ్చాను. గుమాస్తా గారు వాటిని ఫైలులో కుట్టుకున్నారు. "లేని మనిషికి ఎవరన్న జాబు రాస్తరా బేటీ? నీ రాతనే సాక్ష్యం. చచ్చిపోయిండని చూసినోళ్లను తోల్కరా, ఇల్లు నిలుస్తది" అన్నారు.

4. ఇండియా మీద మన హైదరాబాదు రాజ్యం పెట్టిన ఫిర్యాదు సముద్రాలు దాటి ఐక్యరాజ్యసమితి అనే దేశాల సభకు వెళ్లిందని, అక్కడ దానిని కొట్టివేయనూ లేదు, తీర్పు చెప్పనూ లేదు, పట్టికలో అలాగే ఉన్నదని మా జ్ఞానమణి టీచరు చెప్పారు. క్లాసులో పిల్లలందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మా ఇంట్లో మూడేండ్లుగా అన్నానికి నాలుగో కంచం పెడుతున్నాము.

5. ఈ అర్జీని నిన్న ఇక్కడిదాకా రాసి ఇంట్లో చదివాను. మేనత్త చేటలో బియ్యం ఏరుతున్నది. 1948లో ఆమె ఒంటరిగా మా గడప ఎక్కినప్పుడు, ఆమె నోరు తెరవకముందే అమ్మ "ఆయన కరాచీ పోయిండు, ఎవరడిగినా గట్లనే చెప్పు" అన్నదట. ఆ ముఖం చూసి మేనత్త ఊరకున్నది. నిన్న చేట కింద పెట్టింది.

"అన్న నన్ను జొన్నచేన్ల కూసోబెట్టి, ఊరోళ్లతోని మాట్లాడొస్తనని పోయిండు వదినె. ఫౌజు వచ్చినంక రెండో సోమవారం. పొద్దుగూకంగ పోయి జూసిన. బాయి గడ్డకు పడి ఉన్నడు. నా చేతులతోనే మన్ను గప్పిన."

అమ్మ ఏడవలేదు. "ఏ సోమవారం?" అని మాత్రం మళ్లీ అడిగింది. ఫౌజు వచ్చిన పదమూడు మొదటి సోమవారం, రెండోది ఇరవై.

కావున మేనత్త వాంగ్మూలం తీసుకొని, మా తండ్రి 1948 సెప్టెంబరు ఇరవైన మృతి చెందినట్లు నమోదు చేసి, నా ఏడు జాబులను సాక్ష్యంగా చూడక, మా ఇల్లు మాకుంచ ప్రార్థన. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లతీఫున్నీసా

తా.క.: ఈ ఉదయం అమ్మ ఇద్దత్ కూర్చుంటానని కాజీ గారిని అడగడానికి వెళ్లింది. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది దినాలు ఇల్లు కదలక దుఃఖం పాటించడం మాలో విధి. ఆ లెక్క చావు తెలిసిన దినం నుండి కాదని, చనిపోయిన దినం నుండేనని కాజీ గారు చెప్పారు. అంటే 1949 జనవరి ఆఖరుకే అయిపోయింది. ఆ దినాల్లో అమ్మ చేతినిండా గాజులేసుకొని పోస్టుమాను కోసం వాకిట్లో నిలబడేది. ఇప్పుడు కూర్చోవడానికి దినాలు మిగలలేదు. "సర్కారుకు రాస్తున్నవు గద బిడ్డా, ఆ దినాలు సుత ఇప్పియ్యమని రాయి" అన్నది. అది తమ అధికారంలో లేదని ఎరుగుదును. అమ్మ చెప్పింది గనుక రాశాను.