చెరువులో కలపొద్దు వదినా

కార్ఖానా, సికింద్రాబాద్.

కల్పలత వదినకు,

మీ తమ్ముడి అస్థికలు కలిపి వచ్చిన రోజు మీరన్న మాట నన్ను వదలడం లేదు. "వాడు పానం లెక్క పెంచిన అక్వేరియం మొక్కలు చెత్తల ఎట్ల పారేస్తం? చెరువుల కలుపుదాం" అన్నారు.

వద్దు వదినా. అస్థికలు నీళ్లలో కలిసిపోతాయి, ఇవి కలవవు. "చిన్న తునక పడ్డా చెరువంత కమ్ముతది, చేపలకు ఊపిరాడది" అంటూ ఆయన కత్తిరించిన ప్రతి ఆకునూ డాబా మీద ఎండబెట్టి, పూర్తిగా ఎండాకే చెత్తలో వేసేవారు. ఇవీ అలాగే పోవాలి.

కానీ ఆయన చేతుల మీద పెరిగినవి ఇంట్లో ఇవే మిగిలాయి. ఆదివారం మీరు రండి. తీసేద్దామని నేను తొట్టిలో చెయ్యి పెట్టినప్పుడల్లా కొత్త చిగురు కనిపిస్తోంది.

మీ మరదలు