కనుమ దాటించిన టీకా డబ్బా

1946 జూన్ 11
గుర్రాలు తోలే సోనం నన్ను వెనక్కి పంపమంటున్నాడు. ఎండదేశపు మనిషి, కనుమ ఎక్కడం ఈమె వల్ల కాదు, పడిపోతే మోసేదెవరని మా మిషను ఆస్పత్రి డాక్టరమ్మతో హిందుస్తానీలో గొడవ. నాకు అర్థం కాదనుకున్నాడు! నరసరావుపేటలో పదేళ్లు నర్సు చేశాను, సాయిబుల వీధిలో కాన్పులన్నీ నా చేతుల మీదే. నాకు రాదా ఆ భాష? కొండల అవతలి లోయలో మశూచి. టీకా మందు డబ్బా నా చేతికిచ్చారు. డబ్బాతో పాటు నేనూ వెళ్తాను.

జూన్ 12
ఎక్కుడు. పది అడుగులు — ఆగడం. పది అడుగులు — ఆగడం. తల పగిలిపోతోంది. మాచర్లలో రైలెక్కేటప్పుడు అన్నయ్య అన్న మాటే చెవుల్లో. "ఒసేయ్, కోటప్పకొండ ఎక్కటానికే నాలుగుసార్లు కూలబడ్డావు, నీకెందుకే హిమాలయాలు?"
చూస్తూ ఉండు అన్నయ్యా.

జూన్ 13
డబ్బా గుర్రం మీది మూటలో ఉంచమన్నారు డాక్టరమ్మ. పొద్దున చూస్తే చెంబులో నీళ్లు గడ్డ కట్టాయి. మందు ఉన్నది సన్నటి గాజు గొట్టాల్లో, చిట్లిపోవూ? చెప్పకుండా తీసి రవికలో దోపుకున్నాను. పైన రెండు కంబళ్లు. ఆమెకు తట్టలేదు, నాకు తట్టింది.

జూన్ 15
దాటాను!
కనుమ మీద రాళ్లకుప్ప, రంగుగుడ్డల జెండాలు, నిలబడనివ్వని గాలి. సోనం తన దేవుళ్లను కేకేసి కుప్ప మీద రాయి పెట్టాడు. నాకూ ఒకటిచ్చాడు. ప్రభువును తలుచుకుని పెట్టాను.
"మీ దేశంలో ఆడవాళ్లంతా ఇంతేనా?" అన్నాడు.
"మా పల్నాడులో అంతే…" ఆయాసానికి మాట సగమే వచ్చింది. అయినా ఎంత గర్వంగా ఉందో!

జూన్ 17
ఊరు చేరాం. మఠం ముందు జనం, ఎవరూ ముందుకు రారు. ముసలి లామా తన చెయ్యి చాపాడు. ఇంక అందరూ వచ్చారు. నలభై మందికి వేశాను. గొట్టం ఒక్కటీ చిట్లలేదు. చంటిపిల్లనెత్తుకున్న తల్లి నా చేతులు కళ్లకద్దుకుంది.
సాయంత్రం టీ తాగుతూ డాక్టరమ్మ — పేటలో ఇన్నేళ్లుండి మన యాసే పట్టింది ఆ దొరసానికి — "మందు మంచి చలిలో వచ్చిందే అమ్మాయ్, దిగుల్లేదు. వేడి తగిలితే గదా చెడేది."
టీ పక్కన పెట్టేశాను. మందు వచ్చింది చలిలో కాదు, నా రవికలో.

జూన్ 18
పేటలో ఎండాకాలం ఇదే మందును తడిగోనె చుట్టిన కుండలో కాపాడింది నేనే. అందరూ మెచ్చుకున్నదీ నన్నే. అలాంటిది నాలుగు రోజులు ఒంటివేడిలో… ఇంత బుద్ధి తక్కువదాన్నా! ఆ తల్లి నమ్మింది. భయంగా ఉంది.

జూన్ 19
చెప్పేశాను. ఎవరూ అడగకముందే, సోనం వింటుండగానే. డాక్టరమ్మ డబ్బా తీసి చూసుకుని అన్నారు:
"ఏందే ఈ పని! గాటు మీద పొక్కు లేస్తే సరే, మందు పట్టినట్టే. లేవకపోతే నువ్వే కనుమ దాటి మళ్లా మందు తేవాల."
"తెస్తానండీ."
దాటగలవా అని ఆమె అడగలేదు. నాకూ ఆ అనుమానం రాలేదు.

జూన్ 21
లామా చేతి మీద, గాటు దగ్గర, ఎర్రగా చిన్న బొడిపె. గోకాడేమో… వేలితో తడిమాను. గట్టిగానే ఉంది.
చంటిపిల్ల చెయ్యి — ఏమీ లేదు. ఇంకా.
మిగతావాళ్లను రేపు చూడాలి. గుర్రాలు సిద్ధంగా ఉంచమన్నాను. సోనం ఈసారి ఎక్కలేవనలేదు. డబ్బా మాత్రం గుర్రం మీదే అన్నాడు.