ఇసుక కడిగిన నీళ్లు

కెలీబియా

నజీహా అక్కకు,

తతావీన్‌ ఊళ్లో పాఠాలు చెప్పే బడి వదిలి రాలేనని నీ ఇల్లు కట్టించే పని నాకు అప్పగించావు. స్లాబు పోసే రోజు గొడవ అశుభం, నోరు మూసుకో అని రాశావు. మూసుకోలేదు. పశ్చాత్తాపం కూడా లేదు.

గురువారం, స్లాబు పోయాల్సిన రోజే, మేస్త్రీ మొఖ్తార్ బాబాయి దింపించిన ఇసుకలో గవ్వ ముక్కలు మెరిశాయి. సముద్రపు ఇసుక! అందులోని ఉప్పు ఇనుమును తినేస్తుందనీ, కొన్నేళ్లకే పెచ్చులు ఊడి పడతాయనీ ఒక కరపత్రంలో చదివాను. ఆ కప్పు కిందేగా నీ పిల్లలు నిద్రపోయేది! అడిగితే బాబాయి, "కరపత్రాలతో ఇళ్లు లేవవురా నాయనా! ఇది ఉప్పు లేని తియ్యటి ఇసుక. పోయి కుస్‌కుస్ ఉడికిందేమో చూడు" అని పనివాళ్లను నవ్వించాడు. అమ్మ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

ఆ ఇసుకను మంచినీళ్లలో కలిపి, తేర్చి, వడగట్టాను. స్లాబు భోజనానికి వచ్చిన చుట్టాలందరి ముందూ బాబాయికి గ్లాసు చాపాను.

"తియ్యటి ఇసుకేగా బాబాయ్! ఒక్క గుక్క తాగు, నీ కాళ్లు పట్టుకుంటా."

అతను ముట్టుకోలేదు. హల్లూమా అత్త గ్లాసు లాక్కుని నాలుకకు తగిలించి థూ అని ఉమ్మింది. "ఒరే మొఖ్తార్, దీంతో ఆలివ్ కాయలు ఊరేసుకోవచ్చు కదరా!"

చుట్టాల నవ్వులకు తట్టుకోలేక బాబాయి తానే పార పట్టి ఇసుకంతా తిరిగి లారీకెక్కించాడు. శనివారం క్వారీ ఇసుకతో, నా కళ్ల ముందే స్లాబు పోశారు. చివరి తట్ట పడగానే అమ్మ నీ పెళ్లినాటిలా నాలుక ఆడిస్తూ సంబరపు కేక వేసింది.

ఇప్పుడు మన వీధిలో ఇళ్లు కట్టేవాళ్లు గుప్పిట ఇసుకతో, ఉప్పుందేమో చూడమని మన గుమ్మంలో నిలబడుతున్నారు. ఎవరో పిలుస్తున్నారు, వెళ్లాలి.

నీ తమ్ముడు