రోమనుల సూక్తులు, శేషగిరి తెలుగు

మిత్రమా శేషగిరీ,

నీవు పోయి నేటికి ఏడాది. మన పాఠశాల నల్లబల్లపై రోజుకొకటి వ్రాయడానికి నీవు తెనిగించిన రోమనుల సూక్తుల పుస్తకాన్ని నాతో సింగపూరుకు తెచ్చుకున్నాను. నిన్న ఇక్కడి తెలుగువారి ఉగాది సభలో మా అల్లుడు వాటిని తెరపై చూపించాడు. ప్రతి స్లైడు కిందా తన పేరే వేసుకున్నాడు. ఇక్కడి చాంగీ ప్రాంతపు కంప్యూటరు ఉద్యోగులంతా చప్పట్లు కొట్టారు.

ఇంటికి రాగానే నిలదీశాను.

"రోమన్ల మాటలకి ఓనరెవరండీ మామయ్యగారూ?" అన్నాడు.

"మాటలు రోమనులవే. ఆ తెలుగు శేషగిరిది. ఒక్క వాక్యం కుదరక అతడు వేసవి సెలవులన్నీ కూర్చున్నాడు."

"రిలాక్స్ లా, తాతయ్యా," అన్నది మనుమరాలు, మాట చివర ‘లా’ తగిలించే ఈ ఊరి యాసలో.

ఈ ఉదయం అన్ని స్లైడ్లకూ నీ పేరు పెట్టించి, సభకు వచ్చినవారందరికీ ఈమెయిలు చేయించాను. నీ పేరుకు ముందు అల్లుడు ‘కీర్తిశేషులు’ అని చేర్చాడు. పంపేలోగా దానిని చెరిపించాను.